గంట గోపురంలో చెప్పుల ముక్కలు

నేను నోరు తెరిస్తే మూయనని మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది. బెల్లు మోగినా ఈ సారు వదలడని బడిలో పిల్లలకూ తెలుసు. అలాంటివాడి చేతికి ఒక మైకు, వినడానికి ఒక ఊరు దొరికితే ఏమవుతుందో చెప్పాలా? హ్యామ్ రేడియో నాకు అలా దొరికింది. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లను హ్యామ్‌లంటారు. తుపాను వచ్చి కోస్తాలో ఫోన్లన్నీ మూగబోయినప్పుడు కబుర్లు మోసేది మేమే. మిగతా రోజుల్లో మేం మోసేది ఎవరింట్లో ఏం కూరో ఆ కబురు. జంటనగరాల్లో అప్పుడు హ్యామ్‌లందరం కలిసినా ఒక పెళ్లి పంక్తి నిండేది కాదు.

మా చిక్కల్లా ఏమిటంటే, మా చిన్న సెట్లకు బలం తక్కువ. సీతాఫల్‌మండిలో మా ఇంటి నుంచి నేను గొంతు చించుకున్నా బోయిన్‌పల్లిలో గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. దానికి మందు రిపీటర్. ఎత్తైన చోట ఒక పెట్టె పెడతారు. అది బలహీనంగా వచ్చిన మాటను ఒక ఫ్రీక్వెన్సీ మీద అందుకుని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా ఊరంతటికీ తిరిగి పంపుతుంది. ఎవరో ఒకరు మైకు మీట నొక్కి ఉంచినంతసేపూ ఆ పెట్టె పలుకుతూనే ఉంటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, నా పరువు దానితోనే పోయింది.

ఎత్తైన చోటు మా చర్చి గంట గోపురం. అక్కడ రేడియో పెట్టెలేమిటి, దేవుడి ఇల్లా, వైర్‌లెస్ స్టేషనా అని సంఘ పెద్దలు చాలారోజులు ఒప్పుకోలేదు. నేను వదిలితేగా! ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ మెట్ల దగ్గర పట్టుకునేవాణ్ణి. కోస్తాలో వాళ్ల బంధువులు ఏ ఊళ్లో ఉన్నారో అడిగి, రేపు తుపాను వస్తే ఆ ఊరి కబురు మీకెలా తెలుస్తుందండీ అని నిలదీసేవాణ్ణి. చివరికి పాస్టరు అయ్యగారు, ఈయన నోరు ఆగాలంటే ఇదొక్కటే దారి అన్నట్టు, గోపురం తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ తాళంచెవిని నేను జేబులో వేసుకోలేదు. అందరికీ కనపడేలా బెల్టుకు తగిలించుకు తిరిగాను.

పెట్టె కట్టడంలో నాకు తోడు బోయిన్‌పల్లిలో ఉండే ఒక బ్యాంకు ఆఫీసరు. నాకంటే వయసులో బాగా చిన్న, చదువులో పెద్ద. నాది బీఎస్సీ అయితే అతనిది ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. నల్గొండ వైపు ముస్లిం కుటుంబం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నన్ను సార్ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. నేను పది మాటలు మాట్లాడేలోపు అతను ఒకటి మాట్లాడేవాడు, అదీ నేను ఊపిరి తీసుకునే సందులో. ఆదివారాలు మధ్యాహ్నం స్కూటరు మీద వచ్చేవాడు. మా ఆవిడను అక్కా అని పిలిచి, ఆమె పెట్టింది తిని, నాతో గోపురం ఎక్కేవాడు.

అతని భార్య మాత్రం వచ్చేది కాదు. మొదట్లో వచ్చేది, నవ్వుతూ పేలుతూ ఇల్లంతా సందడి చేసేది. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ముందే అందరికీ చెప్పుకున్నారు, తర్వాత అందరూ పరామర్శకు వచ్చారు. పెళ్లిలో, పేరంటంలో, ఆఖరికి బస్టాపులో కూడా ఏమ్మా, ఏమైనా విశేషమా అని అడిగేవాళ్లే. అమ్మాయి బయటికి రావడమే మానేసింది. ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఊసెత్తితే నాలుక కోస్తానని మా ఆవిడ నాకు గట్టిగా చెప్పింది. ఆ ఒక్క విషయంలో నేను నోరు అదుపులో పెట్టుకున్నాను.

వాడి తీసేసిన డిస్పోజల్ సామాను అమ్మే చోట పాత వైర్‌లెస్ సెట్లు రెండు కొన్నాం. ఒకటి వినడానికి, ఒకటి పలకడానికి. పక్కపక్కన పెట్టగానే పలికేది వినేదాన్ని చెవిటిదాన్ని చేసేసింది. పక్కవాడు మైకు పట్టుకుని అరుస్తుంటే మనకు ఇంకేం వినపడుతుంది, అదే గొడవ. దానికి రెండింటి మధ్యా ఇత్తడి గొట్టాలతో చేసిన వడపోత డబ్బాలు పెట్టాలి. ఆ గొట్టాల కోసం మోండా మార్కెట్లో పాత్రల దుకాణాలు తిరిగాం. అడుగు లేని బిందె కావాలంటే అక్కడ ఒకాయన, అందులో నీళ్లెట్లా నిలుస్తాయి సార్ అని నా మొహంలోకి జాలిగా చూశాడు. నిలవక్కర్లేదు బాబూ అని నేను రిపీటర్ గురించి మొత్తం వివరించాను. అతను వేరే బేరాలు చూసుకుంటూ తల ఊపాడు.

డబ్బాల్లో కడ్డీలను వెంట్రుకవాసి జరుపుతూ, మీటరు చూస్తూ, మళ్లీ జరుపుతూ ఎన్నో ఆదివారాలు గడిపాం. అది భాయ్ పని. టంకం పెట్టడం, అంటే తీగలను సోల్డరింగ్ చేయడం, నా పని. నేనే అడిగి తీసుకున్నాను. బడిలో సైన్సు ప్రయోగాలకు తీగలు అతికించేది నేనే కదా, ఇందులో ఏముందని నా ధీమా. మంచి టంకం చల్లారాక అద్దంలా మెరుస్తుంది. సరిగా కరగని టంకం మసకగా, బూడిద రంగులో ఉంటుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది గానీ లోపల వదులు. ఈ సంగతి నాకు తెలుసు, క్లాసులో చెప్పాను కూడా. నావి బూడిద రంగులో ఉంటే అది గోపురంలో వెలుతురు తక్కువై అనుకున్నాను.

అంతా బిగించాక రిపీటర్ పలికింది. రెండు రోజులు పండగ చేసుకున్నాం. ఆదివారం ఆరాధనకు గంట మోగగానే పెట్టె తెగిపోతూ, అతుక్కుంటూ, కరకరలాడుతూ పిచ్చెత్తినట్టు అయిపోయింది. గంట ఆగాక బాగుపడింది. పెట్టె గంటకు దగ్గరగా ఉంది, అదిరిపోతోంది, అంతే అని నేను తేల్చేశాను. భాయ్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. నేను ఇంటికి వెళ్లి నా పాత హవాయి చెప్పుల జత తెచ్చి, ముక్కలు కోసి, పెట్టె నాలుగు మూలలా కింద పెట్టాను. గుమ్మం బయట వదలాల్సిన చెప్పులను గోపురంలోకి తెచ్చారా దేవుడా అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

మరుసటి ఆదివారం గంట మోగింది. రిపీటర్ తొణకలేదు, బెణకలేదు. తుమ్మితే ఊడే పెట్టె కొండలా నిలబడింది. ఇక నన్ను పట్టగలరా! రబ్బరు గొప్పతనం గురించి రేడియోలో ప్రసంగాలు చేశాను. క్లాసులో చెప్పాను. పాస్టరు అయ్యగారికి ఒక ముక్క చేతికిచ్చి నొక్కి చూడమన్నాను. భాయ్ పక్కన నిలబడి, అవును సార్, మస్తు ఐడియా అన్నాడు.

ఇంకో సంగతి ఉంది. రిపీటర్‌లో టైమర్ అని ఒక చిన్న సర్క్యూట్ పెడతారు. ఎవరైనా మైకు మీట ఆగకుండా కొన్ని నిమిషాలు నొక్కితే అది రిపీటర్‌ను ఆపేస్తుంది. ఎవరి మైకైనా పొరపాటున నొక్కుకుపోతే ఊరందరికీ ఇబ్బంది కాకుండా ఆ కాపలా. భాయ్ దాన్ని చక్కగా చేసి పెట్టాడు. కాకపోతే అది నన్ను ప్రసంగం మధ్యలో కోసేయడం మొదలుపెట్టింది. నేను ముఖ్యమైన ముక్కకు వచ్చేసరికి ఠక్కున ఆగిపోయేది, అవతల అందరూ నవ్వుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. పిల్లలు ఆడుకునే బొమ్మలా ఇదేంటి భాయ్, తీసెయ్ అన్నాను. తీయొద్దు సార్ అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి నా ముఖం చూసి తీసేసి, కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్లాడు.

ప్రారంభోత్సవం ఆదివారం సాయంత్రం పెట్టాను. చర్చి పక్కన సంఘం హాల్లో ప్రార్థన, తర్వాత టీ, సమోసాలు. ఊళ్లో హ్యామ్‌లందరికీ కార్డులు రాశాను, ఆ సాయంత్రం తప్పకుండా సెట్లు పెట్టుకుని వినమని. హాల్లో వాళ్లందరికీ వినపడాలని మా సెట్టును చర్చి లౌడ్‌స్పీకరుకు తగిలించాను. భాయ్ మాత్రం బోయిన్‌పల్లిలో తన ఇంట్లోనే ఉండాలి. అంత దూరం నుంచి అతను మాట్లాడితేనే కదా రిపీటర్ గొప్ప తెలిసేది. నేను పెళ్లినాటి కోటు వేసుకున్నాను. ఈ ఉక్కలో కోటేమిటండీ అన్న మా ఆవిడ మాట వినలేదు.

ప్రార్థన అయింది. నేను మైకులో పిలిచాను. స్పీకర్లోంచి భాయ్ గొంతు వచ్చింది, పక్కన నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా. అయ్యగారికి, పెద్దలకు నమస్కారం, ఇది సార్ కష్టం, మా అందరికీ సంతోషం అని నాలుగు ముక్కలు చెప్పి ముగించాడు. హాలంతా చప్పట్లు. నేను మురిసిపోయి సమోసా పళ్లెం అందుకున్నాను. స్పీకర్లో చిన్న గరగర వచ్చింది. తర్వాత భాయ్ భార్య గొంతు.

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. మాట్లాడటం అయ్యాక మైకును దివాన్ మీద పెట్టుంటాడు, దిండో బాలీసో దాని మీద పడి మీట నొక్కుకుపోయింది. మీట నొక్కి ఉన్నంతసేపు అతని సెట్టుకు ఏమీ వినపడదు. కాబట్టి మేం పిలిచి చెప్పినా అతనికి తెలియదు. మా ఇంట్లో ఫోను లేదు, చర్చిలోనూ లేదు. చేయవలసింది ఒకటే, స్పీకరు కట్టేయడం. చెయ్యి కూడా చాపాను.

"సార్ మస్తు ఖుషీ అయ్యుంటడు ఇయ్యాల," అంటోంది ఆ అమ్మాయి.

"కాకుంటే మరి! సార్ లేకుంటే గీ పనే షురూ కాకపోవు. అయ్యగారిని ఒప్పించింది సారే."

హాల్లో అందరూ నా వైపు చూసి నవ్వారు. చాపిన చెయ్యి బటన్ దగ్గరికి వెళ్లింది. దాన్ని ఆపడానికి కాదు, పెంచడానికి. సిగ్గులేకుండా గొంతు ఇంకాస్త పెంచాను. మనం లేనప్పుడు మనల్ని మెచ్చుకునే మాట వినడం ఎవరికి దొరుకుతుంది చెప్పండి? మాది కాని మాట చెవిన పడితే వినకూడదు, బయటపెట్టకూడదని లైసెన్సు నిబంధనల్లోనే ఉంది. కొత్తగా వచ్చే ప్రతివాడికీ ఆ పాఠం చెప్పేది నేనే.

"సార్ చెప్పుల ముక్కలు పెడితెనే గంట గొడవ ఆగిందంట గద," అంది ఆమె.

భాయ్ నవ్వాడు. అతను అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. "చెప్పులా! సార్ పెట్టిన జాయింట్లు అన్ని బూడిద లెక్క ఉండె. గంట కొడితె ఒక్కొక్కటి ఊగుడే. నేను బ్యాంకుకు సెలవు పెట్టి, సార్ బడికి పోయినంక, గంట కొట్టేటాయన తాళంచెవి అడిగి తీసుకొని, గోపురమెక్కి అన్ని మళ్ల పెట్టిన."

"గా మాట సార్‌కు చెప్పొచ్చు గద."

"ఎట్ల చెప్పాలె? మనసు చిన్నబోతది. చెప్పుల పేరే ఉండనీ."

నా చేతిలో పళ్లెం ఉంది, అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సంఘ పెద్దల్లో ఒకాయన దగ్గాడు. అయ్యగారు పైకప్పు చూస్తున్నారు. మొన్నీమధ్యే ఆయన చేతికి రబ్బరు ముక్క ఇచ్చి నొక్కి చూడమన్నవాణ్ణి నేను. తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. నా వెనక నవ్వుకున్నారనుకుని నాలుగు రోజులు అలిగేవాణ్ణి, అంతటితో పోయేది. కానీ అతను నన్ను తిట్టలేదు. సెలవు పెట్టుకుని, ఎండలో ఊరు దాటి వచ్చి, నా తప్పులు సరిదిద్ది, నా పేరు నాకే వదిలేశాడు. అది భరించడం నావల్ల కాలేదు. కోటు లోపల చెమటతో తడిసిపోయాను. అయినా స్పీకరు కట్టేయలేదు చూడండి, అదీ నా బుద్ధి. ఈ మాట వెనక ఇంకేమైనా మంచిమాట వస్తుందేమోనని చూస్తున్నాను.

అప్పుడు ఆ అమ్మాయి గొంతు తగ్గింది. మా స్పీకర్లో మాత్రం తగ్గలేదు, నేను పెంచి పెట్టానుగా.

"ఒక మాట చెప్పాల్నా? నిన్న పొద్దుగాల డాక్టరమ్మ దగ్గర్కి పోయిన. మూడో నెలంట." భాయ్ లేచి ఆమె దగ్గరికి వెళ్లినట్టున్నాడు, గాజుల చప్పుడు, మళ్లీ ఆమె గొంతు. "ఎవ్వరికి చెప్పకుండ్రి. మా అమ్మకు సుత వద్దు, మీ అమ్మకు సుత వద్దు. పోయినసారి ఊరందరికి చెప్పినం. ఈసారి నిలబడేదాక మనిద్దరికే..."

నేను అప్పుడు స్పీకరు వైరు లాగేశాను. హాల్లో మాట ఆగింది. కానీ ఊళ్లో ఆగలేదు. ప్రతి హ్యామ్ ఇంట్లో, నేను కార్డు రాసి మరీ కూర్చోబెట్టిన ప్రతివాడి ఇంట్లో, ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. టైమర్ ఉంటే ఎప్పుడో కోసేసి ఉండేది. టైమర్ తీయించింది ఎవరు?

పరుగెత్తాను. కోటుతో, ఈ భారీ ఒంటితో, మెట్లు, ఆపైన నిచ్చెన. తాళంచెవి బెల్టుకు చిక్కుకుని ఊడి రాలేదు, బెల్టుతో సహా లాగాను. పావురాలు లేచి మొహానికి కొట్టుకున్నాయి. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే ఇంకా పలుకుతోంది. ఫ్యూజు పీకేశాను. దీపం ఆరింది. ఇక అతని సెట్టు ఎంతసేపు కూసినా వినేవాడు లేడు. కింద నా చెప్పుల ముక్కలు నాలుగూ కనపడ్డాయి. అక్కడే చతికిలబడ్డాను. కిందికి దిగి ఆ మొహాలు చూడటం కంటే రాత్రంతా పావురాలతో ఉండటమే మేలనిపించింది.

కింద మా ఆవిడ నా పని కూడా చేసేసింది. హాలు తలుపు దగ్గర నిలబడి, ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి, బయటికి పొక్కితే ఎవరు పొక్కించారో నేను కనిపెట్టగలను అని ఆడవాళ్లందరికీ చెప్పింది. అయ్యగారు ఆ బిడ్డ కోసం పేరెత్తకుండా ప్రార్థన చేశారట. నేను దిగి వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. మా ఆవిడ ఖాళీ కప్పులు ఏరుతోంది. నన్ను చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఊరుకుందంటే నేను ఎంత దిగజారానో నాకు తెలిసింది.

భాయ్‌కి తెలియకూడదు. నా పట్టుదలంతా అదొక్కటే అయింది. ఊరందరూ విన్నారని తెలిస్తే అతనూ ఆ పిల్లా మళ్లీ ఎవరి మొహం చూడగలరు? ప్రార్థన అవగానే రిపీటర్ చచ్చిపోయింది, తర్వాత ఏమీ రాలేదు అని చెప్పాలి. ఎందుకు చచ్చిపోయింది? నా జాయింటు ఊడింది. నా జాయింటు ఊడటమంటే నమ్మనివాడెవడు?

తెల్లవారగానే గోపురమెక్కాను. యాంటెనాకు వెళ్లే తీగను విడదీసి, మళ్లీ అతికించబోయాను, వీలైనంత చెత్తగా. అతను వస్తే చూపించడానికి బూడిద రంగు జాయింటు ఒకటి కావాలి. ఇన్నాళ్లూ అక్కర్లేకుండా అన్ని వేసినవాణ్ణి, ఒకటి వేయలేనా? భయమేసింది. పొరపాటు చేస్తానేమోనని కాదు, చేయలేనేమోనని. టంకం పెట్టే ఇనుమును తీగ మీద ఎక్కువసేపు ఉంచేశాను కాబోలు, టంకం నీళ్లలా పారి, చల్లారాక చూస్తే అద్దంలా మెరుస్తోంది. నా జన్మలో అంత చక్కటి జాయింటు పెట్టలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంతలో నిచ్చెన కదిలింది. భాయ్ తల పైకి వచ్చింది.

బ్యాంకుకు వెళ్లే బట్టల్లోనే ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను ముందే అందుకున్నాను. "నిన్న నీ మాట అవగానే చచ్చిపోయింది భాయ్. నా జాయింటే ఊడింది. ఇప్పుడే పెట్టాను."

"నా మాట అయినంక ఏం రాలేదా సార్?"

"ఏం రాలే," అన్నాను. అతని యాస నా నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు.

అతను వంగి తీగను చూశాడు. ఆ తీగకు టంకం పెట్టింది తనే. అది ఊడేది కాదని అతనికి తెలుసు. బొటనవేలితో నా జాయింటును తుడిచి చూశాడు.

"మంచిగ పడ్డది సార్," అన్నాడు.

తర్వాత చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో టైమర్ ఉంది. నిన్న సాయంత్రం తన మైకు దిండు కింద నొక్కుకుని ఉందని చూసుకున్నాడన్నమాట. చూసుకుని, రాత్రంతా లెక్క వేసుకుని, దీన్ని వెంట తెచ్చాడు. అన్నీ తెలిసే నిచ్చెన ఎక్కాడు. నా అబద్ధం విని, దాన్ని నేలమీద పడనీయకుండా పట్టుకున్నాడు. నాకు తలెత్తాలనిపించలేదు. టైమర్ నా చేతిలో పెట్టి, ఇనుము కూడా నాకే ఇచ్చాడు. నువ్వే పెట్టు భాయ్ అన్నాను. వద్దు సార్, మీరే పెట్టుండ్రి అని గోపురం కిటికీ వైపు తిరిగాడు. నేను పెట్టినంతసేపూ ఇటు చూడలేదు. అయ్యాక పరీక్షించలేదు కూడా.

ఆ వారం హ్యామ్‌ల క్లబ్బులో అందరం కలిశాం. మిలిటరీలో వైర్‌లెస్ పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, భాయ్ వినేలా, మొన్న సాయంత్రం మా ఇంట్లో కరెంటు పోయిందయ్యా, మీ ప్రారంభోత్సవం ఏమీ వినలేకపోయాను అన్నారు. మా ఇంట్లో కూడా అన్నాడు ఇంకొకతను. మా వీధిలో కూడా. ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఆ సాయంత్రం జంటనగరాల్లో ఒక్క హ్యామ్ ఇంట్లోనూ కరెంటు లేదు, బ్యాటరీ మీద నడిచే సెట్లున్న ఇళ్లలో సైతం. భాయ్ తల వంచుకుని టీ తాగుతున్నాడు. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను.

టైమర్ మళ్లీ నన్ను మధ్యలో కోయడం మొదలుపెట్టింది. ఈసారి కోపం రాలేదు. అది కోసే లోపే ఆపేయడం మెల్లగా అలవాటు చేసుకున్నాను. రబ్బరు గురించి మళ్లీ ఎత్తలేదు. చెప్పుల ముక్కలు తీసేద్దామని ఒకరోజు పైకి వెళ్లాను గానీ, తీస్తే భాయ్ చూస్తాడు, ఎందుకు తీశానో అతనికి అర్థమవుతుంది. అలాగే వదిలేశాను.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఇద్దరూ ఆటోలో మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి మా గడప తొక్కి ఎన్నాళ్లయిందో. ఒంటినిండా చున్నీ కప్పుకుని, చేతిలో మిఠాయి డబ్బా పట్టుకుని, మొహమంతా నవ్వుతో నిలబడింది. భార్యకు అతను ఏమీ చెప్పలేదని ఆ నవ్వు చూడగానే నాకు తెలిసింది. ఊరు విన్న సంగతి ఇన్నాళ్లూ ఒక్కడే మోశాడు.

ఆమె మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఐదో నెల అని చెప్పింది. మా ఆవిడ ఎంత బాగా ఆశ్చర్యపోయిందో! బుగ్గన చెయ్యి పెట్టుకుంది, నిజంగానే కళ్లు తుడుచుకుంది, ఎప్పుడు, ఏ డాక్టరు, ఏం తింటున్నావు అని అన్నీ అడిగింది. భాయ్ నా బల్ల మీద ఉన్న సెట్టు దగ్గరికి వెళ్లి, మైకు కొక్కేనికి తగిలించి ఉందో లేదో వేలితో తాకి చూశాడు. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

అమ్మాయి డబ్బా తెరిచి నా ముందుకు వచ్చింది. బడిలో పిల్లలతో నాటకాలు వేయించేవాణ్ణి, కొంచెం ఆశ్చర్యపోవడం నాకు చేతకాదా? నోరు తెరిచాను. చాలా సంతోషం అమ్మా అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

ఆమె నవ్వేసింది. "అయ్యో, సార్‌కు మాటలే రాకపాయె! గింత పెద్ద కబురు సార్. మా అమ్మకు సుత రేపే చెప్తం. ఇంకెవ్వరికి తెల్వదు, ఫస్టు మీకే."

భాయ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను తల వంచుకుని, ఆమె ఇచ్చిన మిఠాయి తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.